మోగని గంట

అక్షర ముక్కు మీద ఈగ వాలింది. అయినా తను కదల్లేదు, కళ్లు తెరవలేదు. చెయ్యెత్తి తోలితే ఇంకేమైనా ఉందా!

సెలవుల్లో రోజూ బ్రూక్‌ఫీల్డ్‌లోని వాళ్ల అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో తెలుగు క్లాసు జరుగుతుంది. పాఠానికి ముందు ఫర్హానా మిస్ పిల్లలందరినీ చాపల మీద కాసేపు మౌనంగా కూర్చోబెడతారు. జెన్ అంటే ఉన్నచోట పూర్తిగా ఉండడమేనని మిస్ చెప్పారు. అందుకే పిల్లలు దానికి 'జెన్ టైమ్' అని పేరు పెట్టేశారు.

ఎవరు అందరికంటే ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే, మర్నాడు మౌనం ముగిసిందని గంట కొట్టే ఛాన్సు వాళ్లదే. చిన్న ఇత్తడి గంట. దాని మీద అక్షరకు ఎప్పటినుంచో కన్ను.

పక్కన సహన దగ్గింది. మళ్లీ దగ్గింది.

"అక్షరా, నీళ్లుండాయా?" అంది మెల్లిగా. సహన వాళ్లది ఆనేకల్. వాళ్లింట్లో తెలుగు అలాగే మాట్లాడతారు.

నిండు బాటిల్ అక్షర ఒళ్లోనే ఉంది. కానీ కదిలితే గంట పోతుంది కదా! విననట్టే కూర్చుంది. సహన దగ్గుతూనే లేచి బయటి కుళాయి దగ్గరికి పరుగెత్తింది.

గంట మోగింది.

"ఏం విన్నారు?" అన్నారు మిస్. రోజూ అడిగే ప్రశ్నే.

"కాకిని," అన్నాడు కౌశల్.

"కుక్కర్ విజిల్," అంది హరిణి.

అక్షర హుషారుగా చెయ్యెత్తింది. తనెంత శ్రద్ధగా విన్నదో మిస్‌కి తెలియాలిగా! "నేను సహన దగ్గు విన్నాను మిస్. నీళ్లు కూడా అడిగింది."

"విని ఏం చేశావు?"

మిస్ గొంతులో కోపమేం లేదు. అయినా అక్షర ఎత్తిన చెయ్యి మెల్లిగా దించేసింది. అంతలో సహన తడి మొహంతో లోపలికొచ్చింది. అక్షర ఒళ్లో బాటిల్ చూసింది. వెళ్లి హరిణి పక్కన కూర్చుంది.

"అందరికంటే ఎక్కువసేపు కదలకుండా కూర్చున్నది అక్షరే. రేపు గంట తనదే," అన్నారు మిస్.

కోరుకున్నది దొరికింది. కానీ ఆ సాయంత్రం అక్షరకు ఆడబుద్ధి కాలేదు.

"గంట నీకే వచ్చిందటగా! మొహం అలా పెట్టావేం?" అంది అమ్మ.

"ఊరికే," అంది అక్షర.

మర్నాడు అందరూ కళ్లు మూసుకున్నారు. గంట కొట్టేవాళ్లు మాత్రం కళ్లు తెరిచి గడియారం చూస్తుండాలి. చోటు వదిలితే గంట ఇంకొకరికి వెళ్లిపోతుంది.

అక్షర గడియారం చూడలేదు. సహననే చూసింది. సహన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గు ఆపుకుంటోంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఈసారి ఎవరినీ నీళ్లు అడగలేదు. అది చూసి అక్షరకు ఏడుపొచ్చినంత పనైంది.

గంటను చప్పుడు కాకుండా కింద పెట్టింది. బాటిల్ పట్టుకుని వెళ్లి సహన చెయ్యి అందుకుంది. ఇద్దరూ వరండాలోకి వచ్చారు.

సహన గటగటా తాగింది. అక్షర వాళ్ల అమ్మమ్మ చేసినట్టే సహన మాడు మీద మెల్లిగా తట్టింది. "ఎవరో తలుచుకుంటున్నారులే."

"నాకు పొలమారలేదప్పా, దగ్గు!"

"అయినా తడతాను." అక్షర తల దించుకుంది. "నిన్న... సారీ."

సహన మూతి తుడుచుకుంది. "మరి నీ గంట?"

"లోపలుంది."

సహనకు నవ్వొచ్చింది. నవ్వితే మళ్లీ దగ్గొచ్చింది. ఇద్దరూ ఇంకాస్త నవ్వుకున్నారు.

వాళ్లు లోపలికి వెళ్లేసరికి పిల్లలు ఒక్కొక్కరే కళ్లు తెరిచి దిక్కులు చూస్తున్నారు.

"ఈరోజు ఏం విన్నారు?" అన్నారు మిస్.

"గంట మోగనే లేదు మిస్!" అన్నాడు కౌశల్.

"నువ్వేం విన్నావు అక్షరా?"

"సహన నీళ్లు తాగడం విన్నాను మిస్."

మిస్ నవ్వి, గంట తీసి కౌశల్ చేతికిచ్చారు. అక్షర అటు చూడనైనా లేదు. చాప మీద కాస్త జరిగి సహనకు చోటిచ్చింది. నీళ్లు మిగిలి ఉన్న బాటిల్‌ను ఇద్దరి మధ్యా పెట్టుకుంది.