బోర్లా పెట్టిన నాన్

ఆదివారం పొద్దున్నే హొర్నిసా తందూరులోకి సగం ఒళ్లు వంచి నాన్‌లు అంటిస్తోంది. డెబ్బై దాటినా ఆ పొయ్యి మీద కోడలి చెయ్యి పడనివ్వదు. కోడలు రిసాలెత్ పాల టీలో ఉప్పు వేసి కలుపుతూ, అత్తగారు ఎప్పుడు మొదలుపెడతారా అని చూస్తోంది.

"మీసాలు ఎప్పుడు మొలిపిస్తున్నావే?" అంది హొర్నిసా చివరికి.

"నాకెందుకత్తయ్యా మీసాలు?"

"యిగిత్‌బేషి అంటే కుర్రాళ్ల పెద్ద అని కదా అర్థం! మీసం లేకుండా ఆ పీట ఎలా ఎక్కుతావు?"

"మీ పెద్దబ్బాయికీ అంతంతమాత్రమే కదా. ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదే?"

రిసాలెత్ భర్త ఇమిన్‌కి టీ పొలమారింది. హొర్నిసా నవ్వు ఆపుకోవడానికి మళ్లీ పొయ్యిలోకి వంగింది.

మా వీధిలో పెళ్లయినా, చావయినా, తగవయినా యిగిత్‌బేషిదే మాట. ఆ పెద్దరికం చాలాకాలంగా ఇమిన్ అన్న సావుత్‌ది. చెడ్డవాడని అంటే కళ్లు పోతాయి. ఎవరింట్లో శవం లేచినా ముందు భుజం పట్టేది అతనే. కానీ దెబ్బలు తిన్న ఆడది గుమ్మంలోకి వస్తే మాత్రం అతని దగ్గర ఒకటే మందు, సర్దుకుపో అమ్మా అని. మొన్న సొంత చెల్లెలు జొహ్రె మొగుడి చేతిలో మణికట్టు విరగ్గొట్టుకుని పుట్టింటికి వచ్చింది. ఆమెకీ అదే మందు వేశాడు. శుక్రవారం పంపించేస్తానని అత్తింటివాళ్లకు మాట కూడా ఇచ్చేశాడు.

ఆ సాయంత్రమే రిసాలెత్ తను పోటీకి నిలబడతానంది. ఆవిడ బడిపంతులమ్మ. జిల్లా కౌన్సిల్‌లో అందరితో పోట్లాడి ఆడపిల్లల హాస్టల్ మూతపడకుండా నిలబెట్టిన మనిషి. ఆడవాళ్ల టీ పార్టీల్లో ఆవిడ నోరు తెరిస్తే మిగతావాళ్లు కప్పు కింద పెట్టేస్తారు. వీధి సభలో మాత్రం ఆడవాళ్ల పని టీ పొయ్యడమే.

మాకు ఓట్ల పెట్టెలు లేవు. ఇంటికొక నాన్ తెచ్చి, ఎవరు పెద్దగా కావాలో వాళ్ల ముందు పెడతారు. తెచ్చేది ఇంటి మగవాడు.

టీ పూర్తికాకుండానే సావుత్ వచ్చాడు.

"ఏరా ఇమిన్, నీ పెళ్లానికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? ఊరంతా నవ్వుతోంది!"

ఇమిన్ నేల చూపులు చూశాడు. రిసాలెత్ కప్పు అందిస్తూనే అంది. "టీ తాగండి బావగారూ. నవ్వేవాళ్లని నవ్వనివ్వండి. మన పిల్ల ఏడుస్తుంటే ఎవరూ రాలేదుగా."

"ఇంటి పరువమ్మా అది!"

"ఆ పిల్ల చెయ్యి విరిగినప్పుడు విరగలేదా మన పరువు?"

"చాలు!" హొర్నిసా అరిచింది. "అన్నదమ్ముల మధ్య గోడ కట్టకు కోడలా. ఇమిన్, మన నాన్ మీ అన్నకే పెడతావు. అంతే."

సావుత్ వెళ్లిపోయాడు. రిసాలెత్ కళ్లు తుడుచుకుంటూ లోపలి గదిలోకి వెళ్లింది. జొహ్రె ఒంటి చేత్తో జడ వేసుకోవాలని తంటాలు పడుతోంది. పాయలు జారిపోతున్నాయి.

"నువ్వు ఓడిపోతే శుక్రవారానికి బట్టలు సర్దుకుంటాలే వదినా," అంది మెల్లగా. "నా కోసం నువ్వు మాటపడకు."

గుమ్మంలో నిలబడ్డ హొర్నిసా ఆ మాట వింది. వచ్చి, కూతురి వెనక కూర్చుని, పిండి చేతులతోనే జడ అల్లింది.

ఆ మధ్యాహ్నమే మసీదు పక్క ఆపిల్ తోటలో సభ జరిగింది. నూరహున్ తాత పెద్దమనిషిగా కూర్చున్నాడు. సావుత్ ముందు నాన్‌లు గుట్టగా పేరుకున్నాయి. రిసాలెత్ ముందు నాలుగో ఐదో. చివర్లో ఇమిన్ లేచాడు. అన్న కళ్లలోకీ చూడలేడు, భార్య కళ్లలోకీ చూడలేడు. కంగారులో నాన్‌ని అన్న ముందు బోర్లా పెట్టేశాడు.

నాన్‌ని బోర్లా పెట్టడమంటే మాకు తల్లిని తన్నినంత పాపం.

టీ నీళ్లు కాగే సమోవార్ దగ్గర నుంచి హొర్నిసా గబగబా వచ్చింది. ఆ సభలో ఒక ఆడమనిషి అలా మధ్యకు రావడం ఎవరూ చూడలేదు. నాన్‌ని రెండు చేతులా తీసి, ముద్దు పెట్టుకుని, నుదుటికి ఆనించుకుంది. తిప్పి పెట్టింది. పెట్టింది మాత్రం కోడలి ముందు.

"అమ్మా!" అన్నాడు సావుత్.

"పిండి నాది, పొయ్యి నాది," అంది హొర్నిసా. "చెయ్యి విరిగి ఇంటికొచ్చిన పిల్లా నా కడుపున పుట్టిందే. మోసుకొచ్చినంత మాత్రాన నాన్ మీదైపోతుందట్రా?"

టీ పోస్తున్న ఆడవాళ్లు కెటిల్స్ దించేశారు. నాన్ మీద ఎవరి ఇంటి ముద్ర వాళ్లకు తెలుసు. ఒక్కొక్కరే వచ్చి, తమ ఇంటి నాన్ వెతికి తీసి రిసాలెత్ ముందు పెట్టారు. నాన్ కోసం పెనుగులాడటం కూడా పాపమే కాబట్టి మగవాళ్లు నోళ్లు తెరుచుకుని చూస్తూ ఉండిపోయారు. ఇమిన్ మాత్రం చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

నూరహున్ తాత గడ్డం నిమిరాడు. "గెలిచింది సరే. మరి కుర్రాళ్ల పెద్ద అని ఈవిడని ఎలా పిలుస్తాం?"

"అలాగే పిలవండి," అంది హొర్నిసా. "ఆ కుర్రాళ్లందర్నీ కన్నది ఎవరు, మీరా?"

తోటంతా నవ్వులు.

సావుత్ తన ముందు మిగిలిన ఒకే ఒక్క నాన్‌ని చూశాడు. అది అతని ఇంటిది. తీసుకుని నేరుగా ఆడవాళ్ల మధ్య నిలబడ్డ జొహ్రె దగ్గరికి నడిచాడు. మధ్యకు విరిచి సగం ఆమె చేతిలో పెట్టాడు. నాన్ విరిచి ఇచ్చిన మాట మాలో ఎవరూ వెనక్కి తీసుకోరు.

"శుక్రవారం నేనొక్కడినే వెళ్తాను. మా చెల్లెలు రాదని చెప్పి వస్తాను," అన్నాడు.

"ఇద్దరం వెళ్దాం బావగారూ," అంది రిసాలెత్. "పెద్దని నేను కదా ఇప్పుడు."

అతను ఏడుస్తూనే నవ్వాడు.

ఇంటికి వస్తుంటే హొర్నిసా కోడలి చెయ్యి పట్టుకుంది. కొంగులోంచి నాన్ మీద గుర్తులు వేసే ఈకల ముద్ర తీసి ఆ అరచేతిలో పెట్టింది.

"రేపు పొద్దున నాన్‌లు నువ్వే అంటించు," అంది. "మాడిస్తే మాత్రం ఊరుకోను, యిగిత్‌బేషీ."