వేళకు టీ ఇచ్చిన భార్య

చీరాలలో ఆదివారం ఆరాధనకు మొదటి గంట కొట్టేసరికి రెబ్కా భర్త చొక్కా ఇస్త్రీ చేస్తోంది. లెక్చరరు క్రీస్తుదాసు తన థీసిస్ తెచ్చి ఆమె ముందు విసిరాడు.

"గ్రాఫు గీతలో ఒక శిఖరం మాయమైందట. గైడు గారు కబురు పెట్టారు. రేపే వైవా. ఎక్కడ తప్పిందో చూడు!"

కొన్ని ఫ్రీక్వెన్సీలనే దాటనిచ్చే లోహపు పెట్టె, ఫిల్టరు, అతని పరిశోధన. కాలేజీ కంప్యూటరు ఒక్కో ఫ్రీక్వెన్సీకి అరగంట తినేది. అలాంటివి రెండొందలు కావాలి, అతనికి దొరికేది వారానికి రెండు గంటలు. బళ్లో లెక్కలు చెప్పే రెబ్కా ఎనిమిది నెలలు కాగితాల మీద కుస్తీ పట్టి, తొమ్మిది చోట్ల లెక్కగడితే చాలు, మిగతా గీతంతా ఒక భిన్నపు సూత్రంతో రాబట్టవచ్చని తేల్చింది. ఏడాది పని మూడు వారాల్లో తెమిలింది.

ఆమె మొదటి పేజీ తిప్పింది. గైడుకీ, ప్రిన్సిపాలుకీ కృతజ్ఞతలు. చివర్న, 'వేళకు టీ ఇచ్చిన నా భార్యకు.' ఒళ్లు మండిపోయింది.

"సూత్రం నాది కదండీ. నా పేరేది?"

"ఎక్కాలు చెప్పుకునేదాని పేరు పెడితే నన్నెవడు డాక్టరంటాడు?"

వసారాలో మిరపకాయల తొడిమలు తీస్తున్న అతని తల్లి ఎలీసమ్మ తలెత్తింది. "ఏందిరా? కథలు రాసుకుంటా కూర్చుంటదన్నావు గదా?"

క్రీస్తుదాసు గోడ గడియారం వైపు చూశాడు.

"ఏడు బిందువులతో ఒక గీత, తొమ్మిదితో ఒక గీత గీస్తే ఒకచోట విడిపోతాయి," అంది రెబ్కా. "తప్పిన శిఖరం అక్కడే ఉంది, పదో లెక్క అక్కడ కట్టాలి. ఆ చోటు నాకు తెలుసు. ముందు పేరు రాయండి."

పళ్లు కొరుకుతూ టీ మాట కొట్టేసి ఆమె పేరు రాశాడు. ఆమె ఆ ఫ్రీక్వెన్సీ అంకె చెప్పింది. కంప్యూటరు గది తాళాల కోసం పరిగెత్తాడు.

"పని ఎగ్గొడతన్నావని ఎనిమిది నెలలు నీకు కూర ముక్క పెట్టలేదే! వాడు పక్కనే కూర్చుని తిన్నాడే!" ఎలీసమ్మ కోడలి వైపు తిరిగింది. "నాకొక్క మాట చెప్పకూడదటే?"

"చెప్పాను అత్తయ్యా. మీరు ఆయన్ని అడిగారు. ఆయన నవ్వారు."

ఎలీసమ్మ ఘొల్లుమంది. ఏడుస్తూనే లోపలికెళ్లి, కొడుక్కని దాచిన చేపముక్కలన్నీ కోడలి కంచంలో వేసింది. రెబ్కా ముద్ద కలిపింది. ఎంతసేపటికీ మింగుడు పడలేదు.