శనివారం వెలగకూడని పొయ్యి

డిసెంబరు, శనివారం మధ్యాహ్నం రెండు. ఉత్తరధ్రువానికి దగ్గరి ఊరు కెమియార్విలో అప్పటికే కిటికీలు నల్లబడిపోయాయి. తెర్తు వంటింట్లో కాఫీ కాస్తోంది. పక్కగదిలో కేయో బల్ల కింద దూరి పాత కంప్యూటరు పెట్టె మూత విప్పుతున్నాడు. కేయో పొరుగువాడు. రేడియోలూ టీవీలూ బాగుచేసి బతికినవాడు, ఆమె పోయిన మొగుడు ఔలిస్‌కి నలభయ్యేళ్ల స్నేహితుడు.

పెట్టె ఔలిస్‌ది. ఊపిరితిత్తులు చెడి ఇంటిపట్టునే ఉండిపోయిన వేసవిలో, దాని ముందు కూర్చుని పదకొండుసార్లు తన గొంతు రికార్డు చేశాడు. ఏడాదికొకటి, పెళ్లిరోజున విను, ముందే వినకు అని చెప్పి సెప్టెంబరులో కన్నుమూశాడు. ఆయన పోయాక మొదటి పెళ్లిరోజు వచ్చే బుధవారం. రెండు వారాలుగా ఆ పెట్టె లేచిన అయిదు నిమిషాలకే బిగుసుకుపోతోంది.

ముందు వాటి నకలు తీసుకుందామంటే కుదరదు. ఔలిస్ వాటికి తాళం వేశాడు, ఆ తాళంచెవి బోర్డు మీది చిప్పులో ఉంది. డిస్కు ఊడదీసి ఇంకో పెట్టెకి తగిలిస్తే వచ్చేది ఉత్త గోల. పెళ్లానికి చెప్పుకునే నాలుగు ముక్కలకి తాళమెందుకయ్యా అని తెర్తు అప్పుడే అడగాల్సింది. అడగలేదు. చచ్చిపోతున్నవాణ్ణి ఏం అడుగుతాం?

జబ్బు బయాస్‌లో ఉందని కేయో తేల్చాడు. మిగతావన్నీ లేవకముందే లేచి పెట్టెని లేపే మూలప్రోగ్రాం అది. తయారుచేసినవాళ్లు ఎప్పుడో సరిచేసి పెట్టారు, ఔలిస్ ఎక్కించుకోలేదు. సరిగ్గా ఎక్కితే చిప్పులో తాళంచెవి జోలికి పోదు. మధ్యలో కరెంటు పోయిందా, బోర్డూ పోతుంది, చెవీ పోతుంది.

అందుకే కేయో ఆ రోజు మందుల చీటీ చదివే ముసలమ్మలా పనిచేశాడు. బోర్డు మీద అచ్చయిన నంబరుని టార్చి వేసి చదివాడు, తెచ్చిన ఫైలు దానికి సరిపోతుందో లేదో రెండుసార్లు చూశాడు. ఖాళీ పెన్‌డ్రైవులో అదొక్కటే వేశాడు. పాత అమరికలన్నీ కాగితం మీద రాసుకున్నాడు. ప్రింటరు తీగ కూడా పీకేశాడు. కరెంటు పోతే ఆదుకుంటుందని మోసుకొచ్చిన బ్యాటరీ పెట్టె మాత్రం కుయ్‌మని ఊరుకుంది.

"నీ బ్యాటరీ కూడా నీతోనే రిటైరైనట్టుంది," అంది తెర్తు.

"దానికి పెన్షనన్నా లేదు పాపం," అన్నాడు కేయో.

ఇక మిగిలింది ఒక్కటే భయం. ఆ ఇంటి మెయిన్ ఫ్యూజు పాతది. గది హీటర్లు నడుస్తుండగా, ఆవిరిస్నానం చేసే సౌనా గదిలో కరెంటు పొయ్యి వెలిగిందంటే ఎగిరిపోతుంది. శనివారం రెండింటికి ఆ ఆవిరిగది మీట తిప్పడం తెర్తు చేతికి ఎంత అలవాటంటే, బుర్రకి చెప్పకుండానే తిప్పేస్తుంది. అందుకని తన చేతినే నమ్మలేక, సౌనా ఫ్యూజులు మూడూ విప్పి ఆప్రాను జేబులో వేసుకుంది.

సౌనాలో ఆఖరి ఆవిరి పోయినవాళ్లకి వదలడం వాళ్ల అమ్మమ్మ కాలం నుంచీ ఉన్నదే. సెప్టెంబరు నుంచి ప్రతి శనివారం తను బయటికొస్తూ పొయ్యి మీద కాలే రాళ్ల మీద ఇంకో గరిటెడు నీళ్లు పోసి, తలుపు ఓరగా వదిలి, "రా, ఔలిస్" అని పిలిచేది. పన్నెండు శనివారాలు పిలిచింది. ఒక్కసారీ రాలేదు.

కేయో మీట నొక్కాడు. నల్లటి తెర మీద తెల్లటి గీత మొదలైంది. నాలుగు శాతం... తొమ్మిది. కాఫీ చల్లారుతోంది.

ముప్పై దగ్గర తెర్తుకి వాసన తగిలింది. కాలిన రాయి వాసన. సౌనాలో ఒంటికి కొట్టుకునే తడి భూర్జ ఆకుల వాసన.

"పొయ్యి వేశావా?" కేయో గొంతు బాగా తగ్గించి అడిగాడు.

ఆమె జేబులోంచి మూడు ఫ్యూజులూ తీసి అరచేతిలో చూపించింది.

నలభై ఆరు. నడవ చివర, సౌనాలో చెక్క మెట్లబల్ల కిర్రుమంది. బరువైన మనిషి పైమెట్టు ఎక్కినప్పుడు వచ్చే చప్పుడు. తర్వాత గరిటె తొట్టి అంచుకి తగిలింది. తర్వాత... రాళ్ల మీద నీళ్లు చుయ్‌మన్నాయి.

డెబ్బై.

"తెర్తూ..."

దగ్గు కలిసిన ఔలిస్ గొంతు. పొరపాటు పడటానికి లేదు.

"తెర్తూ... వినకు. ఆపెయ్."

"జవాబివ్వకు," అన్నాడు కేయో. అతని పెదాలు తెల్లబడ్డాయి.

"నువ్వేగా వినమన్నావు," అంది ఆమె నడవ వైపు. "ఏడాదికొకటి అని నువ్వేగా చెప్పావు."

ఎనభై ఎనిమిది. మళ్లీ నీళ్లు. తొంభై మూడు. గోడలోపల సన్నని గుయ్యిమనే మోత... తొంభై ఆరు...

టప్.

హీటర్లు ఆగాయి. తెర పోయింది. పెట్టెలో ఫ్యాను నాలుగు చుట్లు తిరిగి నిలిచిపోయింది.

ఆ ఫ్యూజుల పలక బిగించిందే ఔలిస్. ఏది వెలిగితే ఏది ఆరుతుందో ఈ భూమ్మీద వాడికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పన్నెండు శనివారాలు బతిమాలితే రానివాడు, తన గొంతు ఆమెకి దక్కకుండా చెయ్యడానికి వచ్చాడు. ఆ పెట్టె ముందు కూర్చుని ఏం వాగాడో, ఏం ఒప్పుకున్నాడో, చచ్చాక భయం పుట్టుకొచ్చినట్టుంది. తెర్తుకి ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది. టార్చి లాక్కుని నడవలోకి నడిచింది. కేయో వెనకాలే వచ్చాడు.

సౌనా తలుపు తెరిస్తే ఆవిరి మొహాన కొట్టింది. పొయ్యి తీగలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. పైమెట్టు మీద, కూర్చునే నారగుడ్డలు పరిచి ఉన్నాయి. తడిగా, పక్కపక్కనే, అంచులు తగిలేట్టు.

రెండు.

"ఇద్దరూ వచ్చారా..." అన్నాడు కేయో.

తెర్తు టార్చిని అతని మొహం మీదికి తిప్పింది. "ఇద్దరంటే ఎవరు?"

అతను కళ్లు దించేసుకున్నాడు.

"నలభయ్యేళ్లు నా వంటింట్లో కాఫీ తాగావు కేయో. ఔలిస్ పక్కన కూర్చున్న ఆ రెండోది ఎవరు?"

కేయో పెరటి తలుపు తీసుకుని, టోపీ కూడా పెట్టుకోకుండా, మంచులోకి వెళ్లిపోయాడు. ఆమె గడప మీద నిలబడి టార్చి వేసింది. పొద్దుట కురిసిన మంచు మీద కేయో అడుగులే ఉన్నాయి, వచ్చినవీ పోయినవీ. ఇంకెవరివీ లేవు.

వెనక్కి వచ్చి, పైమెట్టు మీది మొదటి గుడ్డ మీద చెయ్యి వేసింది. అంత వేడిలోనూ అది ఐసుగడ్డలా ఉంది.

రెండోదాన్ని ముట్టుకుంది.

అది... బతికున్న మనిషి ఇప్పుడే లేచినట్టు, ఒంటి వెచ్చనలో ఉంది.