‘మా గురించి’ పేజీ

పొద్దున కాఫీ గ్లాసులు కడిగి బోర్లించేసరికే అక్క దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. అక్క ఉన్నది పక్క గదిలో.

"చిట్టీ, ఆ ఆకుపచ్చ మరీ ఆస్పత్రిలా ఉందే. కొంచెం మార్చు. చిన్నదేలే."

చిట్టి ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. అది భోజనాల బల్ల. ఒక చివర ఆమె కంప్యూటరు, ఇంకో చివర నీళ్ళ జగ్గు, మధ్యలో ఎప్పుడూ తడి. వెబ్‌సైట్లు తయారు చేయడం ఆమె పని. ఏ కంపెనీలోనూ ఉద్యోగం లేదు, అడిగినవాళ్ళకి ఇంట్లోనే కూర్చుని చేసి పెడుతుంది. ఇంట్లో కూర్చున్న మనిషికి పనేముంటుందని ఇంట్లోవాళ్ళ ఉద్దేశం. గ్యాసు బండ వచ్చినా ఆమే లేవాలి, పాలవాడు తలుపు కొట్టినా ఆమే లేవాలి.

అక్క చదివింది ఫిజియోథెరపీ. పిల్లలు పుట్టాక పని మానేసింది. ఇప్పుడు వాళ్ళు బడికి వెళ్తున్నారు కాబట్టి, ఇంటి ముందు గదిలో మళ్ళీ మొదలుపెడతానంది. గదికి రంగులు వేయించారు. మనిషిని పడుకోబెట్టే బల్ల వచ్చింది. వెబ్‌సైటు పూర్తవగానే తెరుస్తానంది అక్క. అది పూర్తవడం లేదు. ‘ఈ సోమవారం’ అనుకున్న సోమవారాలు ఇప్పటికే కొన్ని వెళ్ళిపోయాయి.

ఇంతలో చిట్టి చేత వెబ్‌సైటు చేయించుకుంటున్న కుర్చీల షాపాయన ఫోన్ చేశాడు. ఆయనతో చిట్టి గొంతు వేరు.

"మీ అబ్బాయి ఒకటి, మేనేజరు ఒకటి చెప్తే నేను ఎవరి మాట వినాలండీ? మీలో మీరు మాట్లాడుకుని మీరొక్కరే చెప్పండి. అన్నీ కలిపి ఒకేసారి పంపండి. మార్పులు రెండుసార్లే అని ముందే రాసుకున్నాం కదా... మంచిదండీ."

బావ తువ్వాలు భుజాన వేసుకుని అటుగా వెళ్తూ ఆగాడు.

"చిట్టీ, నాకు తోచింది చెప్తున్నాను. పేజీ పైన ఆ వెన్నెముక బొమ్మ గిర్రున తిరుగుతుంటే బాగుంటుంది."

"వెన్నెముక గిర్రున తిరిగినవాళ్ళేగా బావా అక్క దగ్గరికి రావాల్సింది."

"నవ్వులాట కాదమ్మా!"

వంటింట్లోంచి అమ్మ అందుకుంది. "నాకేం తెలీదు గానీ, దాని పేరు ఇంకాస్త పెద్దగా పెట్టవే."

"ఇంకా పెద్దదైతే ఫోన్లో పట్టదమ్మా."

"పట్టే ఫోను కొనుక్కుంటారు."

చిట్టి పళ్ళు కొరుక్కుంటూ ఆకుపచ్చ తీసి, మొన్న తీసేసిన నీలమే మళ్ళీ పెట్టింది. లింకు అక్కకి పంపింది. పక్క గదిలో టింగుమంది. అక్క దాన్ని బావకి చూపించింది. బావ ఊరుకోలేదు. భార్య గురించిన ఆనందం కొద్దీ చుట్టాలందరూ ఉన్న గ్రూపులో పెట్టేశాడు.

స్నానాలూ భోజనాలూ అయ్యేలోపే పిన్ని ఫోను. అమ్మ చాలాసేపు విని, ఫోను చేత్తో మూసి, "ఏమిటే, అక్కాచెల్లెళ్ళు కొట్టుకున్నారా అంటోంది మీ పిన్ని" అంది.

చిట్టికి చటుక్కున గుర్తొచ్చింది. ‘మా గురించి’ పేజీ!

ఆ పేజీలో అక్క తన గురించి నాలుగు మాటలు రాసివ్వాలి. అడిగినప్పుడల్లా రేపిస్తానంది, రంగు మార్చమంది. మాటలు రాకముందు ఆ చోటు ఖాళీగా ఉంచరు. ఎంత పడుతుందో చూసుకోవడానికి ఏదో ఒక రాత పోసి ఉంచుతారు, అసలుది వచ్చాక తీసేస్తారు. నిన్న సాయంత్రం ఒళ్ళు మండి ఉన్నప్పుడు చిట్టి కూడా పోసింది. తీయడం మరిచిపోయింది.

అప్పటికే అక్క ఫోను పట్టుకుని గడపలో నిలబడి ఉంది. పైకే చదివింది.

"‘ఇక్కడ అక్క మాటలు వస్తాయి. అక్క ఇవ్వదు. అక్కకి ఆకుపచ్చ నచ్చదు, నీలం నచ్చదు, తెలుపు నచ్చదు. అసలు ఈ గది తెరిచే ఉద్దేశం మహాతల్లికి ఉందో లేదో మాకు తెలియదు.’ ఎవరే మహాతల్లి?"

"అది ఉత్తుత్తి రాత అక్కా."

"మా అత్తగారు చదివింది. మా ఆడపడుచు నవ్వే బొమ్మ పెట్టింది. ఇది ఉత్తుత్తిదా?"

"నేను లింకు పంపింది నువ్వు చూడ్డానికి. ఊరందరికీ పంచమన్నానా?"

"నేనే పెట్టాను..." బావ గొణిగాడు. ఇద్దరూ ఒకేసారి చూసేసరికి చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

"బయటవాళ్ళ పనులైతే ఇలాగే రాస్తావా నువ్వు?"

"బయటవాళ్ళు పక్క గదిలోంచి వాయిస్ మెసేజ్‌లు పెట్టరు! వాళ్ళకి ముందే చెప్తాను, ఇన్నిసార్లే మారుస్తానని. అక్కవి కదా అని నీకు అడ్డూ ఆపూ పెట్టలేదు. నాదే బుద్ధి తక్కువ."

"భారమైతే మొదటే చెప్పాల్సింది."

"అదిగో! రంగు గురించైతే రోజుకొకటి చెప్తావు. మాటలేవని అడిగితే ఏడుపు మొహం పెడతావు. నాలుగంటే నాలుగు మాటలే అక్కా! నువ్వెవరివో నువ్వు చెప్పడానికి ఏం రోగం?"

"చిట్టీ!" అమ్మ అరిచింది.

అక్క గడప దాటి లోపలికొచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. బల్ల మీద తడిని వేలితో అటూ ఇటూ రాసింది.

"నువ్వు రాసింది నిజమే" అంది.

"ఏది?"

"చివరిది. రంగు మారుతున్నంతసేపూ గది తెరవక్కర్లేదు కదే."

చిట్టికి కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అమ్మ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోనే ఉండిపోయింది.

"ఏం రాయను? ఏళ్ళ తరబడి జడలు వేశాను, బాక్సులు కట్టాను. వచ్చినవాళ్ళ మెడ మీద చెయ్యి వేసి, నొప్పి ఎక్కడుందో తెలియక నిలబడిపోతే? వాళ్ళకి డబ్బా కొట్టుకుని పిలిచి మరీ నిలబడితే? రాత్రి పడుకుంటే పుస్తకంలో పాఠాలన్నీ గుర్తొస్తాయి. చేతులకే ఏమీ గుర్తు రావడం లేదు." అంటూనే ఏడ్చేసింది.

పని ఎవరిదైనా చిట్టి మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. దానికి జవాబు రాకుండా గీత గీయదు, రంగు ముట్టుకోదు. అక్కని మాత్రం అడగలేదు. సొంత అక్క కదా, అన్నీ తెలుసనుకుంది. నేరుగా రంగుల్లోకి దిగిపోయింది.

ఆ రాతంతా చెరిపేసి, కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

"సరే, ఇప్పుడు అడుగుతున్నాను. బయటమనిషివనుకునే అడుగుతున్నాను. నీ దగ్గరికి ఎవరు రావాలక్కా?"

"ఎవరో ఒకరు."

"అలా కాదు. తలుపు తోసుకుని ఒక మనిషి లోపలికొచ్చింది. ఎవరామె? ఎలా ఉంది?"

అక్క ముక్కు తుడుచుకుంది. జవాబు చెప్పకుండా చెల్లెలి వంకే చూస్తోంది. చూసిచూసి కనుబొమలు ముడిచింది.

"అదేమిటే, భుజాన్ని చెవికి ఆనించుకుని కూర్చున్నావు?"

"ఎప్పుడూ ఇలాగే కూర్చుంటాను. నువ్వు చెప్పు ముందు."

"ఎప్పుడూనా? దించు."

"దిగదు. ఇక్కడ పట్టేసి ఉంటుంది."

"అక్కడ కాదు" అంటూ అక్క లేచింది. వెనక్కి వచ్చి, చెల్లెలి కుడిచేతిని మోచేతి దగ్గర పట్టుకుని కాస్త పక్కకి తీసింది. ఇంకో చేతి బొటనవేలు మెడ కింద నుంచి భుజం రెక్క లోపలి అంచు దాకా నడిచి, ఒక చోట ఆగి, నొక్కింది.

"అమ్మా!" చిట్టి కెవ్వుమంది.

"ఊపిరి వదులు. బిగబట్టకు. వదులు... ఆఁ."

బిగుసుకున్నదేదో మెల్లగా కరిగి, భుజం దానంతటదే కిందికి దిగింది. అక్క తన బొటనవేలి వంక చూసుకుంది. అది తనదేనా అన్నట్టు చూసుకుంది.

"నాకే తెలియని చోటు పట్టేశావు కదక్కా" అంది చిట్టి. ఆమె కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. నొప్పికి మాత్రం కాదు.

"కదలకు, ఇంకోటుంది." అక్క గొంతు మారింది. ఏడుపు ఇంకా పోలేదు గానీ, అడుగున గట్టిదనం వచ్చింది. "రాస్తావా, చెప్తాను."

"చెప్పు."

"‘పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్ళకి. నొప్పిని అలవాటు చేసుకుని, మరిచిపోయినవాళ్ళకి. రండి, ఎక్కడుందో నేను వెతికి పెడతాను.’ చాలా?"

"చాలు. తెరిచేదెప్పుడని పెట్టను?"

బొటనవేలు ఒక్క క్షణం ఆగింది.

"సోమవారం" అంది అక్క.

కుడిచెయ్యి అక్క వదల్లేదు. చిట్టి ఎడమచేత్తోనే, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది.