రాజుగారి చిటికెల మూట

కొందరి ఇళ్లలో బల్ల మీద కంప్యూటరు పెట్టె ఉంటుంది కదా పిల్లలూ, అలాంటి ఒక పాత పెట్టె లోపల లైనక్సుపురం అనే రాజ్యం ఉండేది. బయట నుంచి చూస్తే జానెడు. లోపలికి వెళితే కోట, వీధులు, అడవులు అన్నీ ఉండేవి. ఆ రాజ్యంలో ఎవరికి ఏ పని కావాలన్నా ఒక మాయమూటను పిలిచేవారు. దీపాలు వెలిగించడానికి ఒకటి, పాటలు పాడటానికి ఒకటి, బొమ్మలు గీయడానికి ఇంకొకటి. కోటగుమ్మం ముందు నిలబడి పేరు పిలిస్తే చాలు, దూరాన ఉన్న మూటల కొండ మీద నుంచి అది దొర్లుకుంటూ వచ్చేది.

వచ్చేది సరే, ఒంటరిగా వస్తేనా! ప్రతి మూట మెడలోనూ ఒక తాటాకు చీటీ వేలాడేది. తాను పని చెయ్యాలంటే ఫలానా మూట తోడు రావాలని అందులో రాసి ఉండేది. ఆ తోడుకు మళ్లీ ఇంకో తోడు. కోటతలుపుకు నోరుంది. అది ఆ పేర్లన్నీ వరసగా చదివి, "వీళ్లంతా కూడా రావచ్చునా?" అని అడిగేది. చివరిదాకా విన్నవాళ్లు ఆ రాజ్యంలో ఒక్కరంటే ఒక్కరు లేరు. రెండు పేర్లు చెవిన పడగానే "అవును, అవును" అనేసి పోవడం అక్కడి అలవాటు. భోజనానికి ఒక చుట్టాన్ని పిలిచి, ఆయన వెనక ఎంతమంది వస్తున్నారో చూడకుండా విస్తళ్లు వేసుకుంటూ పోతే ఏ ఇల్లయినా ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఆ రాజ్యాన్ని ఏలే విలాసకేతు మహారాజుకు ఒక ముచ్చట పుట్టింది. పసిపిల్లలు ఆవలిస్తే తల్లులు చిటికె వేస్తారు. తనకూ అలా ఎవరైనా వెయ్యాలన్నాడు. గడ్డం నెరిసిన మనిషికి చిటికెలు! వెంటనే మంత్రిగారు రాజుగారి చేతే చిటికెల మూటను పిలిపించి, తలుపు అడిగితే తానే అవుననేశారు. దాని వెంట మూడు వందల పన్నెండు మూటలు వచ్చాయి. బొటనవేలు గోరు తుడిచేదొకటి. ఆ గోరు తుడిచే గుడ్డను మడతపెట్టేదొకటి. ఏ దేశంలో ఎప్పుడు చంద్రుడు పొడుస్తాడో చెప్పేదొకటి. చిటికెకూ చంద్రుడికీ ఏమిటి సంబంధమని ఎవరూ అడగలేదు.

మూటలు వీధులన్నీ ఆక్రమించాయి. బావిలో, కళ్లంలో, మంచాల కింద కూడా అవే. ఖాళీ నేల తగ్గేకొద్దీ మనుషులు ఉన్నచోటే బిగుసుకుపోసాగారు. ముందుగా పసివాళ్లు.

దీపాలవీధిలో పైడి అనే పన్నెండేళ్ల పిల్ల ఉంది. ఆరు నెలల తమ్ముడు ఉయ్యాలలో ఆవలిస్తూ అలాగే ఆగిపోయాడు. తల్లి సూరమ్మ చిటికె వేసింది. నోరు మూతపడలేదు. మళ్లీ వేసింది. ఊపిరి మాత్రం సన్నగా ఆడుతోంది. ఆమె ఒక చెయ్యి బిడ్డ ముక్కు దగ్గర పెట్టి, రెండో చేత్తో చిటికెలు వేస్తూనే ఉంది.

పైడి తిన్నగా కొలువుకు వెళ్లింది.

"అవునన్నది ఎవరండీ?" అని అడిగింది.

"అమ్మాయ్, రాజుగారి ముందు గొంతు తగ్గించు" అన్నాడు మంత్రి.

"తగ్గిస్తానండీ. మా తమ్ముడి నోరు మూతపడ్డాక తగ్గిస్తాను."

మంత్రికి రోషం వచ్చింది. పనీపాటా లేని మూటలను బయటికి విసిరేస్తే సరిపోతుందన్నాడు. ఒక మూల నిద్రపోతున్న బక్క మూటను భటుల చేత గోడ అవతలికి వేయించాడు. అంతే, రాజ్యంలో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఆ బక్క మూట వీపు మీదే దీపాల మూట నిలబడి ఉందని ఎవరికి తెలుసు? చీకట్లో తడుముకుంటూ దాన్ని మళ్లీ మోసుకొచ్చారు.

"చూడకుండా రప్పించారు, చూడకుండా తోసేశారు! మీకు కళ్లున్నది దేనికండీ?" అంది పైడి.

ఏ మూట ఎవరి కోసం వచ్చిందో మూటల కొండ మీద ఉండే పెంగ్విను పక్షికి మాత్రమే తెలుసని రాజు గొణిగాడు. అక్కడికి వెళ్లినవారు తిరిగి రాలేదట. అప్పటికి ఖాళీ నేల ఏడు గజాలే మిగిలింది. అది కూడా నిండితే రాజ్యమంతా బిగుసుకుపోతుంది. పైడి ఆ మాట వింటూనే బయలుదేరింది.

అడవి మొదట్లో ఒక ముని కూర్చుని ఉన్నాడు.

"రా తల్లీ. గొడుగు తీసుకో. గొడుగుకు సంచి తీసుకో. సంచికి బొందు, బొందుకు పెట్టె..."

"ఇవన్నీ తప్పనిసరా స్వామీ?"

"తప్పనిసరి కాదు. ఉంటే బాగుంటుంది."

ఆయన వెనక గొడుగులు, పెట్టెలు కొండలా పడి ఉన్నాయి. వాటి కింద నుంచి బాటసారుల కాళ్లు కొట్టుకుంటున్నాయి.

"ఇవి లేకపోతే నడవలేనా?"

"నడవగలవు."

"అయితే వద్దు. తాగడానికి నీళ్లుంటే ఇవ్వండి, చాలు."

ముని కళ్లు మెరిశాయి. "లేకపోతే నడవలేనా అని అడిగింది నువ్వొక్కదానివే" అని సొరకాయ బుర్ర నిండా నీళ్లిచ్చాడు. గుట్ట దానంతట అదే కరిగిపోయి, బాటసారులు దుమ్ము దులుపుకుంటూ లేచారు.

ఆ పైన వంతెన మీద జోడకుడు, తోడకుడు అని ఇద్దరు రాక్షసులు ఒకరి జుట్టు ఒకరు పట్టుకుని దారికి అడ్డంగా కూర్చున్నారు.

"ఎందుకు కూర్చున్నావయ్యా ఇక్కడ?" అని పైడి జోడకుణ్ణి అడిగింది.

"వీడికి నా అవసరముంది."

"మరి నువ్వెందుకు?"

"వాడికి నా అవసరముంది" అని తోడకుడు గర్జించాడు.

"బాగానే ఉంది. మీ ఇద్దరితో మూడోవాడికి ఎవరికైనా అవసరముందా?"

"ఒకాయనకు ఉండేది. ఆయన పోయి నూరేళ్లయింది" అన్నాడు జోడకుడు మెల్లగా.

"నూరేళ్ల నుంచి ఎవరికీ అక్కర్లేకుండా తిని కూర్చున్నారా? సిగ్గులేదూ!"

వాళ్లకు నిజంగానే సిగ్గేసింది. జుట్లు వదిలేశారు. వదలగానే ఇద్దరూ దూదిపింజల్లా తేలిపోయి గాలిలో కలిసిపోయారు.

కొండ మీద పెంగ్విను తెల్లపొట్ట నిమురుకుంటూ నిలబడి ఉంది.

"నా మీద కోపంగా వచ్చినట్టున్నావే పిల్లా?"

"మీ మీదేనండీ! అన్ని మూటలు ఎందుకు పంపారు?"

"పేర్లన్నీ చదివించాను. మీరు అవునన్నారు. పోనీ, ఉయ్యాల ఊపే మూటను పిలిచింది ఎవరు?"

పైడికి గుర్తొచ్చింది. పిలిచింది తనే. తమ్ముణ్ణి ఊపలేక, ఆడుకోవడానికి పోదామని పిలిచింది. రెండు పేర్లు విని అవునంది. పదకొండు మూటలు వచ్చాయి. తమ్ముడి పక్కన ఇరుక్కున్నవి అవే. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

పెంగ్విను ఆమెకు తడి సున్నం నింపిన ఒక సున్నపు కాయ ఇచ్చింది. "పేరు పెట్టి పిలిచిన మూటకు, పిలిచినవారి చేతే సున్నపు బొట్టు పెట్టించు. బొట్టున్నది దేని మీద నిలబడిందో దాని జోలికి వెళ్లకు. మిగతావి వాటంతట అవే వెళ్లిపోతాయి. అయితే పెట్టిన బొట్టు చెరపాలంటే పిలిచినవారి చెయ్యే కావాలి."

పైడి పరుగున వచ్చేసరికి రెండు గజాల నేల మిగిలింది. అందరూ తాము పిలిచిన మూటలకు బొట్లు పెట్టారు. రాజు కూడా చిటికెల మూటకు పెట్టాడు. ఎవరికీ అక్కర్లేనివి కొన్ని లేచి వెళ్లాయి. తర్వాత పైడి ఉయ్యాల మూట బొట్టును తన చేత్తో తుడిచేసింది. దాని వెంట పదకొండూ కదిలాయి. అయినా నేల చాల్లేదు.

"ఇక తమరి వంతండీ" అంది పైడి.

"అది నా ముచ్చట" అన్నాడు రాజు.

"మీ ముచ్చట కింద మా తమ్ముడున్నాడు."

అప్పుడే సూరమ్మ బిడ్డను ఎత్తుకుని కొలువులోకి వచ్చింది. రాజుకు ఆవలింత వచ్చింది. చిటికెల మూట టక్కున చిటికె వేసింది, రాజు నోరు మూసుకున్నాడు. సూరమ్మ కూడా బిడ్డ ముఖం మీద చిటికె వేసింది. చిన్ని నోరు తెరుచుకునే ఉంది. ఆమె రాజును ఒక్క మాట కూడా అనలేదు. మళ్లీ చిటికె వేసింది. ఆ వేళ్లు వాచి ఉండటం రాజు చూశాడు.

ఆయన సింహాసనం దిగి, ఉత్తరీయంతో బొట్టు తుడిచేశాడు.

మూడు వందల పైచిలుకు మూటలు బిలబిలమంటూ గుమ్మం దాటాయి. బక్క మూట మాత్రం కదల్లేదు, దీపాలు దాని మీదే ఉన్నాయి కదా. వీధులు విచ్చుకున్నాయి. సూరమ్మ ఇంకో చిటికె వేసింది. బిడ్డ ఆవలింత పూర్తిచేసి, నోరు మూసుకుని, ఆకలేసి గుక్కపట్టి ఏడ్చాడు. అంత మంచి ఏడుపు ఆ కొలువులో అంతవరకు ఎవరూ వినలేదు.

రాజు పైడిని కోటగుమ్మానికి అధికారిని చేశాడు. చివరి పేరు వినకుండా ఎవరూ అవునని అనకూడదని ఆమె మొదటి ఆజ్ఞ. సాయంత్రాలు తమ్ముడి ఉయ్యాలను తనే ఊపేది.

నెల తిరక్కుండా రాజుగారికి విసనకర్ర మూట మీద మనసయింది. తలుపు పేర్లు చదవడం మొదలుపెట్టింది. పైడి పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది. తొంభయ్యో పేరు దగ్గర రాజుకు ఆవలింత వచ్చింది. అటూ ఇటూ చూసి, తన చిటికె తనే వేసుకుని, తలుపుతో అన్నాడు:

"వద్దు."