ఆమె తినేదాకా

“కంచం తీసేస్తున్నాను. ఇంక నీ ఇష్టం,” అంది వదిన, తుడిచే గుడ్డ చేతిలో పట్టుకుని.

“తియ్యొద్దు వదినా, ఇంకా సగం ఉంది.”

“అందరూ లేచి ఎంతసేపయింది? సగం టేబుల్ తుడిచి నీ దగ్గర ఆగిపోయాను.”

“అక్కడికి గీత గీసి వదిలెయ్,” అన్నాడు అన్నయ్య సోఫాలోంచి. “మన తాబేలు తింటుంటే కూరక్కూడా విసుగొస్తుంది.”

ఆ ఇంట్లో భోజనమంటే పరుగుపందెం. నాన్న అన్నం కలపడం కనిపిస్తుంది గానీ తినడం కనిపించదు. ఆమె ఒక్కతే ప్రతి ముద్దా తీరిగ్గా నములుతుంది. స్కూల్లో బయాలజీ టీచరు మరి. అరుగుదల నోట్లోనే మొదలవుతుందని ఇంట్లోనూ చెప్పి చూసింది. మాట పూర్తయ్యేలోపే వినేవాళ్ళు చేతులు కడుక్కునేవారు.

అమ్మ దిగులు వేరు. “తిండి సంగతి సరే. ఆ బ్యాంకబ్బాయి వాళ్ళకి ఆదివారం లోపల ఏదో ఒకటి చెప్పాలి. అదీ నములుతూ కూర్చుంటావా?”

“ఆలోచిస్తున్నానమ్మా.”

“చూశావు, మాట్లాడావు. ఇంకా ఆలోచించడానికేముంది?”

ఏముందో ఆమెకి తెలుసు. కెమిస్ట్రీ మాస్టారున్నాడు.

ఆయనతో పరిచయమే గొడవతో మొదలైంది. స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ పెడుతున్నారు. గంజినీళ్ళలో అయొడిన్ చుక్క వేస్తే ముదురు నీలం వస్తుంది. అందులో లాలాజలం కలిపితే నీలం నెమ్మదిగా వెలిసిపోతుంది. ఆమె అన్నీ కలిపి చేతులు కడుక్కోడానికి వెళ్ళొచ్చేసరికి, కొత్తగా చేరిన మాస్టారు ఆ గాజుగొట్టాన్ని మరిగే నీళ్ళలో ముంచి నిలబడ్డాడు.

“చూడండి, నీలం పోయింది,” అన్నాడు గర్వంగా. “కదలట్లేదని కాస్త సాయం చేశాను.”

ఆమె గొట్టం తీసి స్టాండులో పెట్టి చేతులు కట్టుకుంది. చల్లారుతున్నకొద్దీ పోయిన నీలం అడుగునుంచి మెల్లగా తిరిగొచ్చింది.

“వేడికి రంగు దాక్కుందంతే. కానీ అందులో ఎంజైమ్ ఉండేది. మరిగించి దాన్ని చంపేశారు.”

ఆయన గొట్టంలోకి దిగులుగా చూశాడు. “దాని తాలూకు వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, పలకరించి వస్తాను.”

“నేనే. అది నా లాలాజలం.”

ఇద్దరికీ నవ్వాగలేదు.

“మీ కెమిస్ట్రీ వాళ్ళకి ఏది కదలకపోయినా కింద మంట పెట్టడమే తెలుసు,” అందామె. “దీనికి ఒంటి వేడి చాలు. గుప్పిట్లో పట్టుకుని కూర్చోవాలి.”

“ఎంతసేపు?”

“దానిష్టం.”

బ్రెడ్డు ముక్క ఒకటి చేతికిచ్చి, బాగా నమలమంది. పిండిపదార్థం అంటే చక్కెర పూసల దండేనని, నోట్లోని ఎంజైమ్ ఆ దండను ముక్కలు ముక్కలుగా తెంపుతుందని, ఓపిగ్గా నమిలితే చప్పటి బ్రెడ్డే తియ్యగా అవుతుందని చెప్పింది.

“తియ్యగా ఉందా?”

“ఏమో. మింగేశాను.”

మా అన్నయ్యకి తమ్ముడే, అనుకుంది.

అలాగే అనుకునేది, స్టాఫ్‌రూములో ఆ మధ్యాహ్నం రాకపోతే. ఆయన డబ్బా ఎప్పటిలాగే రెప్పపాటులో ఖాళీ అయింది. అందరూ లేచి వెళ్ళారు. ఆయన మూత పెట్టిన డబ్బా ముందు పెట్టుకుని కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాడు.

“పనేం లేదా మాస్టారూ?”

“ఉంది. దిద్దాల్సిన పేపర్లు బోలెడున్నాయి.”

“మరి?”

“మీరింకా తింటున్నారు కదా.”

ఆ ముద్ద మాత్రం ఆమె నమల్లేకపోయింది. మర్నాడూ కూర్చున్నాడు. ఆ తర్వాత రోజూనూ. ఒక్కనాడైనా ఆమె డబ్బా వైపు గానీ గడియారం వైపు గానీ చూడలేదు. వాన మాత్రం చూసేవాడు, తన కోసమే కురుస్తున్నట్టు.

ఎగ్జిబిషన్ శనివారం జరిగింది. సాయంత్రం చూడవచ్చినవాళ్ళు గొడుగులు వేసుకుని వెళ్ళిపోయారు. ల్యాబు కిటికీ అద్దాలమీద నీటిచారలు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ జారుతున్నాయి. గాజుగొట్టాలు రెండు మిగిలిపోయాయి. చెరొకటి గుప్పిట్లో పట్టుకుని బల్లకి అటూ ఇటూ కూర్చున్నారు.

“మీకు సంబంధం చూస్తున్నారని స్టాఫ్‌రూములో అంటున్నారు,” అన్నాడాయన.

“చూశారు. రేపు జవాబు చెప్పాలి.”

ఆయన గొట్టం మీంచి తలెత్తాడు.

“నాకు మీరంటే ఇష్టం. నేను ఏదైనా ఇలా గబుక్కున చెప్పేస్తాను, అలవాటు. మీరు మాత్రం తొందరపడొద్దు. నేను కూర్చుంటాను.”

ఆమె గొట్టంలో నీలం ఊదాగా మారింది. ఊదా పలచబడి, తేనె రంగై, అదీ మెల్లగా వెలిసిపోయింది. ఆ కాసేపట్లో వాన ఎప్పుడు తగ్గిందో ఇద్దరికీ తెలియలేదు.

“ఇది మళ్ళీ తిరిగిరాదు కదా?” అన్నాడు.

“రాదు.”

పళ్ళెంలో మిగిలిన బ్రెడ్డు ముక్క తీసి ఆయన నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకుని నమిలాడు. నములుతూనే ఉన్నాడు. ఆమె నవ్వాపుకుంటూ చూసింది.

“అవునండీ,” అన్నాడు చివరికి, కళ్ళు తెరవకుండానే. “తియ్యగానే ఉంది.”

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎప్పటిలాగే అందరి కంచాలూ ఖాళీ అయ్యాయి. వదిన గుడ్డ అందుకుంది. నాన్న లేవడానికి కుర్చీ వెనక్కి జరిపాడు.

“నాన్నా,” అంది తాబేలు, నోట్లోది పూర్తిగా నమిలి మింగాక. “బ్యాంకబ్బాయి వాళ్ళకి కుదరదని చెప్పండి. మా స్కూల్లో కెమిస్ట్రీ మాస్టారిని చేసుకుంటాను. మీరు సరేనంటే వచ్చే ఆదివారం భోజనానికి పిలుస్తాను.”

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. మొదట తేరుకున్నది అన్నయ్యే.

“ఆయనా నీలాగే తింటాడా? చెప్పు, పొద్దున్నే మొదలుపెడదాం.”

“లేదు. నీకంటే ఫాస్టు.”

“మరి నీతో ఎలా వేగుతాడే?”

“తినడం అయిపోయినా లేవరన్నయ్యా. నేను తినేదాకా కూర్చుంటారు.”

వదిన గుడ్డ పక్కన పెట్టింది. నాన్న ఆమె ముఖం వైపు, సగమున్న కంచం వైపు చూశాడు. కుర్చీ మళ్ళీ ముందుకి జరుపుకుని, ఎండిపోతున్న చేత్తోనే స్థిమితంగా కూర్చున్నాడు.

“రమ్మను,” అన్నాడు. “ముందు నువ్వు తిను. తొందరేం లేదు.”