ఆఖరి వరుసకు ముందు

లియోన్‌లో నవంబరు వచ్చిందంటే సాయంత్రానికే చీకటి పడుతుంది. మదాం వోకెలాన్ గారి ముందుగదిలో పొయ్యిలో చలిమంట రాజుకుంటోంది. మైనం వాసన, పాత తివాచీ వాసన. మా అక్క కూతురు సొలెన్ వయొలిన్ తీగలు సవరించుకుంటోంది. ఆ వయొలిన్ మదాం గారి పోయిన భర్తది. ఆయనకిష్టమైన కృతిని తన ఎదుట చివరిదాకా వాయిస్తే ఇచ్చేస్తానంది. సొలెన్ సొంత వయొలిన్ పగిలిపోయింది. రేపే పోటీ.

కృతి పేరు 'వీడ్కోలు'. వయొలిన్‌కీ పియానోకీ కలిపి రాసింది. చివర్న పెద్ద నిశ్శబ్దం, ఆ తర్వాత ఒకే ఒక్క వరుస. ముసలాయన ఆ నిశ్శబ్దంలోనే, కమాను ఎత్తి పట్టుకుని, వేదిక మీద కూలిపోయాడట. ఈ సంగతి పిల్లకి చెప్పొద్దని నేను బతిమాలితే, ఆవిడ కాఫీ పోస్తూ మొట్టమొదట అదే చెప్పింది. ఏం మనిషో.

నేను వాయించే పియానో గోడకి ఆనించి ఉంది. నా వీపు సొలెన్ వైపు. అయినా ఇబ్బంది లేదు. మాలో ఎవరూ సైగలు చెయ్యరు. వయొలిన్ వాయించేవాళ్ళు ముక్కుతో గట్టిగా ఊపిరి పీలుస్తారు, దాన్ని బట్టి పియానో అందుకుంటుంది. సొలెన్ పీలిస్తే జలుబు చేసిన కుక్కపిల్లలా ఉంటుందని ఏడిపిస్తుంటాను.

బాగానే సాగింది. ఆ వయొలిన్ గొంతుకి నాకు కళ్ళు చెమర్చాయి. నిశ్శబ్దం వచ్చింది. మీటల మీద వేళ్ళుంచి ఎదురుచూశాను.

ఊపిరి వినిపించింది. మీటాను.

వయొలిన్ పలకలేదు.

"నేనింకా పీల్చలేదు పిన్నీ" అంది సొలెన్ మెల్లగా.

తప్పు నాదేనన్నాను. మళ్ళీ కొంచెం వెనక నుంచి అందుకున్నాం. మళ్ళీ నిశ్శబ్దం. ఈసారి చెవులు రిక్కించాను. బరువుగా... గరగరమంటూ... పొగాకు వాసనతో... సరిగ్గా నా మెడ మీద. సొలెన్ గదికి అటు చివర కిటికీ దగ్గరుంది. చేతులు కదల్లేదు.

"ఆపకండి" అంది మదాం వోకెలాన్, కప్పు కింద పెట్టకుండానే. "పాపం, ఆయనకి ఆ ఒక్క వరుసే మిగిలిపోయింది."

లేచి, "పోదాం పద" అన్నాను. సొలెన్ వయొలిన్ దించలేదు.

"రేపు దేంతో వాయించను? ఒక్క వరుసేగా పిన్నీ. కానియ్."

నాకు భయమేసింది. కానీ దాని మొహం చూసి కాదనలేకపోయాను. మళ్ళీ ఆ ఊపిరి వచ్చినప్పుడు మీటాను. వయొలిన్ పలికింది. సొలెన్ అంత గొప్పగా ఎప్పుడూ వాయించలేదు.

ముసలావిడ కళ్ళు తుడుచుకుని, వయొలిన్‌ని పెట్టెలో పెట్టి తనే తెచ్చి ఇచ్చింది.

పెట్టెను కారు వెనక సీట్లో ఉంచి, సొలెన్ నా పక్కన కూర్చుంది. బయట గడ్డకట్టే చలి. ఏదో ఒకటి మాట్లాడాలని, కుక్కపిల్ల బాగానే వాయించిందే అన్నాను. అది తలూపింది. నా ఊపిరికి నా పక్క అద్దం మసకబారితే చేత్తో తుడిచాను.

సొలెన్ పక్క అద్దం తేటగా ఉంది. అందులోంచి వీధిదీపాలన్నీ కనిపిస్తున్నాయి.

వెనక, పెట్టె పక్కనున్న అద్దం మసకబారుతోంది... తేటపడుతోంది... మళ్ళీ మసకబారుతోంది.